ఇంగ్లీషులో పాస్ట్ పర్ఫెక్ట్: హ్యాడ్ ఎప్పుడు కావాలి, ఎప్పుడు అక్కరలేదు

పాస్ట్ పర్ఫెక్ట్ టెన్స్ గురించి పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించే నిర్వచనం ఒకటే. గతంలో రెండు పనులు జరిగితే ముందు జరిగిన దానికి పాస్ట్ పర్ఫెక్ట్ (హ్యాడ్ చేరిన క్రియారూపం), తరువాత జరిగిన దానికి సింపుల్ పాస్ట్ వాడాలని అది చెబుతుంది. పరీక్షలో ఖాళీలు పూరించడానికి ఈ నిర్వచనం సరిపోతుంది గాని, సొంతంగా పది వాక్యాలు రాయవలసి వచ్చినప్పుడు చాలామందిని దారి తప్పిస్తుంది. ఇతరులు ఇంగ్లీషులో రాసిన ఉత్తరాలు, నివేదికలు సరిచూసే పనిలో నాకు తరచుగా ఎదురయ్యే పొరపాట్లు రెండు: అవసరం లేని చోట హ్యాడ్ పెట్టడం, తప్పనిసరిగా ఉండవలసిన చోట దాన్ని వదిలెయ్యడం. పైకి ఇవి ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపించినా రెండింటికీ మూలం ఒకటేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఏది ముందు, ఏది వెనుక అన్న లెక్క మీదే మన దృష్టంతా ఉంటోంది. ఎక్కడ నిలబడి చెబుతున్నామన్న ప్రశ్న మనం వేసుకోవడం లేదు.

ఈ ప్రశ్నను స్పష్టంగా వేసినవాడు జర్మనీలో పుట్టిన తత్త్వవేత్త హాన్స్ రైఖెన్‌బాఖ్. ఒక క్రియ ఏ కాలంలో ఉందో తేల్చడానికి రెండు సమయాలు చాలవనీ, మూడు కావాలనీ 1947లో ఆయన ప్రతిపాదించాడు. మొదటిది మనం మాట్లాడుతున్న సమయం, రెండవది పని జరిగిన సమయం, మూడవది ఆ పనిని మనం ఎక్కడ నుంచి చూస్తున్నామో ఆ సమయం. ఈ మూడవ దాన్ని నేను ఆధార సమయం అని పిలుస్తాను. సింపుల్ పాస్ట్‌లో పని జరిగిన సమయమూ ఆధార సమయమూ ఒకటే, రెండూ గతంలోనే ఉంటాయి. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో పని గతంలో జరిగినా చూసే చోటు మాత్రం వర్తమానం. పాస్ట్ పర్ఫెక్ట్‌లో ఈ మూడూ మూడు వేర్వేరు చోట్ల ఉంటాయి: మనం ఇప్పుడు మాట్లాడుతున్నాం, మన చూపు గతంలోని ఒక క్షణం మీద నిలిచి ఉంది, చెప్పదలచిన పని ఆ క్షణానికి కూడా ముందే జరిగింది. కనుక హ్యాడ్ రాయాలంటే మధ్యలో ఉన్న ఆ క్షణం రాసేవాడికీ చదివేవాడికీ తెలిసి ఉండాలి. అది ఆ వాక్యంలోనే ఉండనక్కరలేదు, వెనుకటి వాక్యంలో ఉన్నా చాలు, సందర్భాన్ని బట్టి తెలిసినా చాలు, అసలంటూ ఉండాలి.

ఒకే వాక్యాన్ని మూడు విధాలుగా రాసి చూస్తే సంగతి తేటపడుతుంది. "వెన్ ఐ రీచ్డ్ ది ఆఫీస్, షి లెఫ్ట్" అంటే నేను చేరాను, ఆ వెంటనే ఆమె బయలుదేరింది, బహుశా నన్ను చూసే వెళ్ళిపోయింది. "వెన్ ఐ రీచ్డ్ ది ఆఫీస్, షి వాజ్ లీవింగ్" అంటే నేను చేరే సమయానికి ఆమె బయలుదేరుతూ ఉంది, గుమ్మంలో ఒకరికొకరం ఎదురుపడి ఉండవచ్చు. "వెన్ ఐ రీచ్డ్ ది ఆఫీస్, షి హ్యాడ్ లెఫ్ట్" అంటే నేను చేరేసరికి ఆమె అక్కడ లేదు. మూడింటిలోనూ మొదటి భాగం మారలేదు, మారిందల్లా రెండవ భాగంలోని క్రియారూపమే. ఆమెను నేను చూశానా లేదా అన్న విషయం మొత్తం ఆ రూపం మీదే ఆధారపడి ఉంది. "వెన్" అన్న మాట ఏది ముందో తనంతట తాను చెప్పదు కనుక ఇలాంటి చోట హ్యాడ్ వదిలితే అర్థమే మారిపోతుంది.

అయితే పనులు జరిగిన వరుసలోనే వాటిని చెప్పుకుంటూ పోతున్నప్పుడు ఈ అవసరం ఉండదు. "హి ఓపెన్డ్ ది డోర్, స్విచ్డ్ ఆన్ ది లైట్ అండ్ శాట్ డౌన్" అన్న వాక్యంలో మూడు పనులున్నాయి, ఒకదాని కంటే ఒకటి ముందు జరిగింది, అయినా ఎక్కడా హ్యాడ్ లేదు. చూసేవాడి స్థానం ప్రతి పనితో పాటు ముందుకు జరుగుతూ వస్తోంది, ఎక్కడా వెనక్కి తిరగలేదు. పాఠ్యపుస్తకపు నిర్వచనాన్ని తు.చ. తప్పకుండా పాటించేవారు ఇక్కడే "హి హ్యాడ్ ఓపెన్డ్ ది డోర్ అండ్ స్విచ్డ్ ఆన్ ది లైట్" అని రాస్తారు. ముందు జరిగిన దానికి హ్యాడ్ పెట్టారు కనుక వారి లెక్క ప్రకారం అది సరైనదే. చదివేవాడికి మాత్రం ఆ తలుపు తెరవడం ఇంకేదో సంఘటనకు పూర్వరంగంలా తోచి, ఆ సంఘటన ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తాడు. అది రాదు.

ఆ నిర్వచనం ఎంత లోపభూయిష్ఠమో తెలియజెప్పే వాక్యం ఇంకొకటి ఉంది. "షి హంగ్ అప్ బిఫోర్ ఐ హ్యాడ్ ఫినిష్డ్ స్పీకింగ్." నేను మాట్లాడటం పూర్తి చేయకముందే ఆమె ఫోన్ పెట్టేసింది. ఇందులో నిజంగా జరిగిన పని ఆమె ఫోన్ పెట్టెయ్యడం, దానికి సింపుల్ పాస్ట్ వచ్చింది. నా మాట పూర్తి కావడం అంతకు ముందు జరగలేదు, ఆ తరువాతా జరిగి ఉండకపోవచ్చు, అయినా హ్యాడ్ దానికే వచ్చింది. ముందు జరిగిన పనికే పాస్ట్ పర్ఫెక్ట్ వస్తుందన్న సూత్రంతో ఈ వాక్యాన్ని వివరించలేము. ఆమె ఫోన్ పెట్టేసిన క్షణం దగ్గర నిలబడి చూస్తే, ఆ క్షణానికి నా మాట పూర్తయిన స్థితి ఏర్పడిందా లేదా అన్నదే ఇక్కడి ప్రశ్న, ఆ పూర్తిదనాన్ని హ్యాడ్ చెబుతోంది. మామూలు సందర్భాల్లో "బిఫోర్", "ఆఫ్టర్" ఉన్న వాక్యాలకు హ్యాడ్ తప్పనిసరి కాదు, ఎందుకంటే ఏది ముందో ఆ మాటలే చెప్పేస్తాయి. "ఆఫ్టర్ హి ఫినిష్డ్ ది వర్క్, హి వెంట్ హోమ్" అన్నా సరైనదే, "ఆఫ్టర్ హి హ్యాడ్ ఫినిష్డ్" అన్నా సరైనదే. రెండవ దానిలో పని పూర్తిగా ముగించుకుని మరీ వెళ్ళాడన్న ఊనిక కొంత ఎక్కువ.

తెలుగువారికి ఇది ఎందుకు కష్టమవుతుందో కూడా ఆలోచించాలి. మన భాషలో ముందువెనుకల భారాన్ని సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ, మోయదు. "మేము వెళ్ళేసరికి సమావేశం అయిపోయింది" అన్నప్పుడు "అయిపోయింది" మామూలు భూతకాల రూపమే, సమావేశం ముందే ముగిసిందన్న సంగతిని "వెళ్ళేసరికి" అన్న మాటా, సందర్భమూ చెబుతున్నాయి. కావాలంటే "అప్పటికే" అని ఒక మాట చేరుస్తాం. అదే వాక్యాన్ని అలవాటుగా "వెన్ వి రీచ్డ్, ది మీటింగ్ ఎండెడ్" అని రాసేస్తే, మేము అడుగు పెట్టగానే సమావేశం ముగించేశారన్న అర్థం వస్తుంది. వరుసగా జరిగిన పనులకు మనకు క్త్వార్థకం ("చదివి", "రాసి" వంటి అసమాపక రూపం) ఉంది: "ఉత్తరం చదివి, జవాబు రాసి, పడుకున్నాడు" అంటే చాలు, ఎన్ని పనులనైనా ఒక గొలుసులో చెప్పేయవచ్చు.

ఇంతకంటే లోతైన కారణం మరొకటి ఉంది. పర్ఫెక్ట్ భావానికి తెలుగులో అన్నిటికంటే దగ్గరగా వచ్చే రూపం "వచ్చి ఉన్నాడు" వంటిది. కాని మన "ఉన్నాడు" వర్తమానానికీ భూతానికీ ఒకటే. "ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు" అంటాం, "నిన్న కూడా ఇంట్లోనే ఉన్నాడు" అంటాం. అందువల్ల ఇంగ్లీషులో "హ్యాజ్ కమ్", "హ్యాడ్ కమ్" అని రెండుగా విడిపోయిన చోట మనకు ఒక్క రూపమే మిగులుతుంది, తేడా అంతా "ఇప్పటికి", "అప్పటికి" అన్న మాటల్లో ఉంటుంది. ఇది మన భాషలోని లోటు కాదు. ఇంగ్లీషు కూడా ఒకప్పుడు ఇదే పద్ధతిలో నడిచింది. ప్రాచీన ఇంగ్లీషులో మామూలు భూతకాల క్రియ పక్కన "అంతకు ముందు" అన్న అర్థమిచ్చే క్రియావిశేషణాన్ని చేర్చి ఈ భావాన్ని చెప్పడం పరిపాటి. హ్యాడ్‌తో చేసే రూపం కూడా అప్పటికే ఉండేది గాని, అది తొలుత "నా దగ్గర ఉత్తరం రాయబడి ఉంది" అన్న తరహాలో సొంతదారీతనాన్ని చెప్పే వాక్యం నుంచి మెల్లగా పుట్టి, కాలక్రమంలో కాలసూచకంగా స్థిరపడింది. కనుక మన అలవాటు వింతదేమీ కాదు, రెండు భాషలు ఒకే అవసరాన్ని వేర్వేరు చోట్ల తీర్చుకుంటున్నాయి, అంతే.

ఇక అవసరం లేని హ్యాడ్ సంగతి. మన దేశంలో రాసే ఆఫీసు మెయిళ్ళలో ఇది విపరీతంగా కనిపిస్తుంది. "ఐ హ్యాడ్ సెంట్ ది ఫైల్ యెస్టర్డే", "ఐ హ్యాడ్ స్పోకెన్ టు యు లాస్ట్ వీక్" వంటి వాక్యాలు రాసేవారిలో చాలామంది హ్యాడ్ చేరిస్తే వాక్యానికి మర్యాద వస్తుందనో, సంగతి కొంచెం పాతబడిందని తెలుస్తుందనో అనుకుంటారు. గతం ఎంత దూరమైనా దానికీ పాస్ట్ పర్ఫెక్ట్‌కూ సంబంధం లేదు. వేల ఏళ్ళ కిందటి సంగతినైనా సింపుల్ పాస్ట్‌లో చెప్పవచ్చు, ఐదు నిమిషాల కిందటి సంగతికైనా ఆధార సమయం ఉంటే పాస్ట్ పర్ఫెక్ట్ రావచ్చు. "ఐ హ్యాడ్ సెంట్ ది ఫైల్ యెస్టర్డే" అని ఒంటరిగా రాస్తే ఇంగ్లీషు బాగా తెలిసిన పాఠకుడు తరువాతి వాక్యం కోసం చూస్తాడు. పంపాను, ఆ తరువాత ఏదో జరిగింది, ఫైలు పోయిందా, వెనక్కి వచ్చిందా, మీరు అందలేదంటున్నారా అని అతని మనస్సు వెతుకుతుంది. ఏమీ జరగకపోతే "ఐ సెంట్ ది ఫైల్ యెస్టర్డే" అనడమే సబబు. అదే "వెన్ యు కాల్డ్ మి లాస్ట్ నైట్, ఐ హ్యాడ్ ఆల్రెడీ సెంట్ ది ఫైల్" అంటే మీరు ఫోన్ చేసిన క్షణం ఆధారంగా నిలిచింది కనుక హ్యాడ్‌కు పూర్తి హక్కు వచ్చింది.

సమయాన్ని చెప్పే మాటల విషయంలో పాస్ట్ పర్ఫెక్ట్‌కు ఒక వెసులుబాటు ఉంది. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌తో గతంలోని ఫలానా సమయాన్ని చెప్పకూడదు, "ఐ హ్యావ్ మెట్ హిమ్ ఇన్ 2010" తప్పు. "వెన్ హి జాయిన్డ్ అస్, ఐ న్యూ హిమ్ వెల్" అని చెప్పి, దాని వెంట "ఐ హ్యాడ్ మెట్ హిమ్ ఇన్ 2010" అంటే అది ఒప్పు. కాని ఈ వెసులుబాటుతోనే ఒక సందిగ్ధం కూడా వస్తుంది. "హి హ్యాడ్ లెఫ్ట్ ఎట్ ఫైవ్" అన్న వాక్యానికి రెండు అర్థాలున్నాయి. మేము వెళ్ళింది ఆరు గంటలకు, అతను ఐదింటికే వెళ్ళిపోయాడన్నది మొదటిది. ఐదింటికి చూస్తే అతను అప్పటికే లేడు, ఎప్పుడు వెళ్ళాడో తెలియదన్నది రెండవది. మొదటి అర్థంలో ఐదు గంటలు పని జరిగిన సమయం, రెండవ అర్థంలో అది ఆధార సమయం. రెండవదే చెప్పదలిస్తే "బై ఫైవ్" అని రాయడం మేలు. "బై ది టైమ్", "ఆల్రెడీ", "జస్ట్" వంటి మాటలు పాస్ట్ పర్ఫెక్ట్ పక్కన అంత తరచుగా కనిపించడానికి కారణం కూడా ఇదే.

"గతంలో పూర్తయిన పని" అని ఈ టెన్స్‌ను వర్ణించడం కూడా అన్ని చోట్లా కుదరదు. "ఐ హ్యాడ్ నోన్ హర్ ఫర్ టెన్ ఇయర్స్ వెన్ షి గాట్ మ్యారీడ్" అంటే పెళ్ళినాటికి మా పరిచయానికి పదేళ్ళు, ఆ పరిచయం అక్కడితో ముగిసిందని కాదు. స్థితిని చెప్పే క్రియలతో ఇలా ఆధార సమయం దాకా సాగిన భావం వస్తుంది. సాగుతున్న పనులకైతే "హ్యాడ్ బీన్" వెంట ఇంగ్ రూపం వస్తుంది: "ది రోడ్ వాజ్ వెట్. ఇట్ హ్యాడ్ బీన్ రెయినింగ్." రోడ్డు తడిగా ఉండటమన్నది కళ్ళ ముందున్న ఆనవాలు, దానికి ముందు కొంతసేపు వాన కురుస్తూ ఉండటం కారణం. పని ఎంతసేపు సాగిందన్నదో, అది మిగిల్చిన ఆనవాలో ముఖ్యమైతే ఈ రూపం, పని తెమిలిందా లేదా అన్నది ముఖ్యమైతే మామూలు పాస్ట్ పర్ఫెక్ట్.

రూపం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఏ పురుషకైనా, ఏ వచనానికైనా హ్యాడ్ ఒకటే, దాని వెంట పాస్ట్ పార్టిసిపుల్ రావాలి. "హ్యాడ్ వెంట్", "హ్యాడ్ కేమ్", "హ్యాడ్ రోట్" తప్పులు. "హ్యాడ్ గాన్", "హ్యాడ్ కమ్", "హ్యాడ్ రిటెన్" ఒప్పులు. "హ్యాడ్ హ్యాడ్" అని రెండుసార్లు వచ్చినా కంగారు పడవద్దు, మొదటిది సహాయక క్రియ, రెండవది అసలు క్రియ. మాటల్లో హ్యాడ్ కుదించుకుపోయి కర్త చివర ఒక్క డకారంగా మిగులుతుంది, "వుడ్" కూడా అలాగే కుదించుకుపోతుంది కనుక తరువాతి క్రియను వినాలి. "హీడ్ గాన్" అంటే హ్యాడ్, "హీడ్ గో" అంటే వుడ్. "హీడ్ కమ్", "హీడ్ పుట్" వంటి చోట్ల రెండు రూపాలూ ఒకటే కనుక సందర్భమే దిక్కు.

ఒకరి మాటను మన మాటగా మార్చి చెప్పేటప్పుడు "ఐ లాస్ట్ ది కీ" అన్నా, "ఐ హ్యావ్ లాస్ట్ ది కీ" అన్నా మారేది ఒకే రూపానికి: "హి సెడ్ దట్ హి హ్యాడ్ లాస్ట్ ది కీ." అతను చెప్పిన క్షణమే ఇక్కడ ఆధార సమయం. కాని దీన్ని కళ్ళు మూసుకుని అంతటా పాటించకూడదు. "హి సెడ్ దట్ హి వాజ్ బార్న్ ఇన్ 1990" అంటే చాలు, పుట్టుక ఆ మాటకు ముందు జరిగిందని ఎవరికీ చెప్పవలసిన పని లేదు.

జరగని గతం గురించి చెప్పే వాక్యాల్లో మాత్రం తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది, దాన్ని మనం తగినంతగా వాడుకోవడం లేదు. "తెలిసి ఉంటే చెప్పేవాడిని" అన్న వాక్యంలో "తెలిస్తే" అనకుండా "తెలిసి ఉంటే" అంటాం. ఆ "ఉంటే" చేసే పనే "ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హ్యావ్ టోల్డ్ యు" అన్న చోట హ్యాడ్ చేస్తోంది. ఇలా జరగని గతం గురించి నోటితో "ఉంటే" అనవలసి వచ్చిన చోట హ్యాడ్ రాస్తే దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. "ఇఫ్" తీసేసి "హ్యాడ్ ఐ నోన్" అని కూడా రాయవచ్చు. "ఐ విష్ ఐ హ్యాడ్ ఆస్క్డ్" అంటే అడిగి ఉంటే బాగుండేదని. "వి హ్యాడ్ హోప్డ్ టు ఫినిష్ ఇట్" అంటే పూర్తి చేయాలని ఆశించాం గాని కాలేదని. ఈ చివరి రకంలో హ్యాడ్ ఒక్కటే నెరవేరని సంగతిని సూచిస్తుంది, "కుదరలేదు" అని వేరే చెప్పకపోయినా పాఠకుడికి అందుతుంది.

కథ చెప్పేటప్పుడు ఈ టెన్స్ ఎలా పని చేస్తుందో చూడటానికి నాలుగు చిన్న వాక్యాలు చాలు. "వెన్ షి ఓపెన్డ్ ది డోర్, ది రూమ్ వాజ్ డార్క్. హర్ బ్రదర్ హ్యాడ్ గాన్ అవుట్. హి హ్యాడ్ లెఫ్ట్ ఎ నోట్ ఆన్ ది టేబుల్. షి రెడ్ ఇట్ అండ్ శాట్ డౌన్." మొదటి వాక్యం ఆధార సమయాన్ని నిలబెట్టింది. రెండవ వాక్యంలో హ్యాడ్ రాగానే మనం వెనక్కి వెళ్ళాం. అక్కడ "వెంట్ అవుట్" అని రాసి ఉంటే ఆమె లోపలికి రాగానే తమ్ముడు బయటికి నడిచినట్టయ్యేది, చీకటి గదిలో అతను అప్పటిదాకా ఏం చేస్తున్నాడన్న అనవసరమైన అనుమానం కూడా పుట్టేది. మూడవ వాక్యంలోని హ్యాడ్ తీసేసినా ఎవరూ పెద్దగా తికమకపడరు, ఎందుకంటే మనం అప్పటికే వెనుకటి కాలంలో ఉన్నాం. నాలుగవ వాక్యంలో హ్యాడ్ లేకపోవడం ఎంతో ముఖ్యం. "షి హ్యాడ్ రెడ్ ఇట్" అని రాస్తే ఆ చీటీని ఆమె తలుపు తెరవకముందే చదివినట్టవుతుంది. సింపుల్ పాస్ట్ రావడంతో మనం మళ్ళీ ఆమెతో పాటు ఆ గదిలోకి వచ్చేశాం.

వెనుకటి కథ నాలుగైదు వాక్యాలు మించి సాగితే ప్రతి క్రియకూ హ్యాడ్ తగిలించడం వల్ల గద్యం కుంటుపడుతుంది. అనుభవమున్న రచయితలు మొదటి ఒకటి రెండు క్రియలకు హ్యాడ్ పెట్టి పాఠకుణ్ణి వెనక్కి తీసుకెళ్ళి, ఆ తరువాత సింపుల్ పాస్ట్‌లోనే చెప్పుకుపోతారు. చిక్కు వచ్చేది తిరుగు ప్రయాణంలో. వెనుకటి కథా, అసలు కథా రెండూ ఇప్పుడు సింపుల్ పాస్ట్‌లోనే ఉన్నాయి కనుక ఎక్కడ మలుపు తిరిగామో క్రియారూపం ఒక్కటే చెప్పలేదు. అందుకని వెనుకటి కథలోని చివరి వాక్యానికి మళ్ళీ ఒకసారి హ్యాడ్ పెట్టి, కొత్త పేరా మొదలుపెట్టి, ఆధార సమయంలోని వస్తువునో మనిషినో, ఆ తలుపునో ఆ చీటీనో, తిరిగి పేర్కొంటూ సింపుల్ పాస్ట్‌లోకి రావాలి.